బెల్లం, చెప్పులు, నా నోరు

ఆగస్టు రెండో శనివారం, నలభై ఏళ్ళుగా వేటకుక్కల్ని పెంచి శిక్షణిస్తున్న హాస్కిన్స్ గారు ఎనిమిది వారాల లాబ్రడార్ పిల్లని నా చేతుల్లో పెట్టి, వెంటనే ఒక షరతు కూడా పెట్టారు.

"పదహారు వారాలు నిండగానే మీ ఇంటికొచ్చి చూస్తాను. విసిరింది తెచ్చి నీ చేతికిస్తే, వసంతంలో మా పొలంలో జరిగే శిక్షణకి మీ ఇద్దర్నీ తీసుకుంటాను. ఇవ్వకపోతే పిల్లని నాతో తీసుకుపోతాను. పనిచేసే జాతి ఇది. పాడుచేసేవాళ్ళ దగ్గర ఉంచను."

"సరే" అన్నాను. ఆ క్షణాన ఆయన నా రెండు కిడ్నీలూ అడిగినా సరే అనేదాన్ని.

నాకు యాభై ఒక్కేళ్ళు. మేముండేది అమెరికాలో. హెర్న్‌డన్‌లో ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. అప్పటిదాకా చేపపిల్లని కూడా పెంచి ఎరగను. క్రితం ఏడాది చలికాలం ముందు మా ఆసుపత్రిలో పనిచేసే ఒకావిడ, వేటకుక్కల పరీక్షలు జరుగుతున్నాయి రమ్మంటే, ఊరికే కాలక్షేపానికి వెళ్ళాను. ఒక నల్లకుక్క యజమాని మోకాలి పక్కన కదలకుండా కూర్చుంది. ఆయన ఒక్కమాట అన్నాడు. అంతే, చల్లటి నీళ్ళలోకి దూకి, ఈదుకుంటూ వెళ్ళి, పడిన బాతుని నోట కరుచుకుని వచ్చి ఆయన చేతిలో పెట్టింది. బాతు మీద ఒక్క పంటిగాటు లేదు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఈ వయసులో ఏదైనా కావాలని ఇంత గట్టిగా అనిపిస్తుందని నేనే మర్చిపోయాను. ఇంటికొచ్చి ఆ రాత్రే ఈల కొన్నాను.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది" అన్నారు మా ఆయన ప్రేమానందం. "తుపాకీ లేదు, చెరువు లేదు. మనకి వేటకుక్క ఏంటి విమలా?"

"చెరువుందిగా వెనకాల."

"అది వాననీళ్ళ గుంట. అపార్ట్‌మెంట్ల వాళ్ళు తవ్వించారు."

"బాతులొస్తున్నాయిగా. వాటికి లేని పట్టింపు మీకెందుకండీ?"

అలా మొదలైంది. పిల్ల రంగు చూసి మా అమ్మాయి ఎలీనా 'బెల్లం' అని పేరు పెట్టింది. దానికి పదహారేళ్ళు, ఇక్కడే పుట్టింది, తెలుగు సగం నములుతుంది గానీ ఆ పేరు మాత్రం సరిగ్గా పడింది. బెల్లం అచ్చులా ఎర్రగా, గుండ్రంగా ఉండేది పిల్ల.

హాస్కిన్స్ గారు చెప్పిన మొదటి పాఠం పసిపిల్లలకి చెప్పేంత తేలిక. మేడమీద నడవాలో తలుపులన్నీ మూసెయ్యాలి. చివర నేను నేలమీద కూర్చోవాలి. ముడివేసిన మేజోడు ఒకటి దొర్లించాలి. పిల్ల వెళ్ళి పట్టుకుంటుంది. తిరిగి రావడానికి దారి ఒక్కటే, అది నా ఒళ్ళోకి. వచ్చాక మేజోడు లాక్కోకూడదు. ముందు ఛాతీ నిమరాలి, మెచ్చుకోవాలి, కాసేపు దాన్నే పట్టుకోనివ్వాలి. తర్వాత గడ్డం కింద చెయ్యి పెట్టి మెల్లగా అందుకోవాలి. నాలుగుసార్లు, అంతే. ఇంకా కావాలని గెంతుతుండగానే ఆపెయ్యాలి.

మొదటిరోజు మేజోడు దొర్లించాను. బెల్లం దాని వెంట పడి, పల్టీ కొట్టి, మేజోడుని మీసంలా రెండువైపులా వేలాడేసుకుని, చెవులెగరేసుకుంటూ నా వైపు పరిగెత్తుకొచ్చింది! ఒళ్ళో దూకింది. దాని గుండె నా అరచేతికింద టకటకా కొట్టుకుంటోంది. నా గుండె దానికంటే ఎక్కువ కొట్టుకుంటోంది. "ఏవండీ! తెచ్చిందండీ! నాకిచ్చిందండీ!" అని నేను పెట్టిన కేకకి మా ఆయన గడ్డం సగం గీసుకుని నురగతో పైకి పరిగెత్తుకొచ్చారు.

అన్నం గిన్నె దించేటప్పుడు ఈల మూడుసార్లు పొట్టిగా ఊదితే చాలు, ఇల్లంతా దొర్లుకుంటూ వచ్చేది. వారానికల్లా ఈలంటే ప్రాణం. గిన్నె ముందు కూర్చోమంటే కూర్చునేది. నేను ఆసుపత్రిలో మందులు లెక్కపెడుతూ కూడా, ఇంటికెళ్ళి మేజోడు ఎప్పుడు విసురుతానా అని చూసేదాన్ని. సిగ్గులేకుండా చెప్తున్నాను, కాన్పయ్యాక కూడా ఇంత హుషారుగా లేను.

అప్పుడొచ్చింది సెప్టెంబరు ప్రార్థన కూడిక.

మా తెలుగు సంఘంలో ప్రతినెలా మొదటి శనివారం ఒక్కో ఇంట్లో కూడిక జరుగుతుంది. ఆ నెలా, తర్వాతి నెలా మా వంతే. ఇరవైమంది వచ్చారంటే నలభై చెప్పులు. తెలుగువాళ్ళ గుమ్మం సంగతి తెలిసిందేగా. శాండల్సు, షూలు, పిల్లల క్రాక్సు, ఒకదానిమీద ఒకటి గుట్ట. పాస్టర్ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. పన్నెండు వారాల బెల్లం ఆ గుట్టని చూసింది.

ఎడంకాలి చెప్పొకటి నోట కరుచుకుని సరాసరి గది మధ్యకొచ్చింది. అది కరుణమ్మ గారిది. ఆవిడ మా సంఘంలో అందరికన్నా పెద్ద. డెబ్భైనాలుగేళ్ళు, పాలకొల్లు మనిషి. ఎంగిలంటే ఆమడ దూరం.

"ఓరి నాయనోయ్, నా చెప్పు! ఎంగిలి చేసేసిందమ్మా!"

"ఛీ! వదులు! వదులు!" అని నేనరిచాను. నా నోరు చిన్నది కాదు. పదిమంది లేచారు. బెల్లం సోఫా కిందకి దూరింది. ఈ పక్కనుంచి ఒకరు, ఆ పక్కనుంచి ఒకరు. నేను కాలు పట్టుకుని బయటికి లాగి, దవడలు విడదీసి చెప్పు లాక్కున్నాను. ఆ సాయంత్రం అలా ఐదుసార్లు జరిగింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరి చెప్పు ముట్టుకున్నా ఇదే తంతు. మా ఆయన షూ, ఎలీనా బూటు, నా బాత్రూం స్లిప్పరు.

పదోరోజున నడవాలో మేజోడు దొర్లించాను. బెల్లం వెళ్ళి పట్టుకుంది. నా వైపు చూసింది. వెనక్కి తిరిగి, నడవా చివర మూలకి పోయి, మేజోడు కాళ్ళకింద దాచుకుని కూర్చుంది. ఈల ఊదాను. ఒంటరిగా వచ్చింది, మేజోడు వదిలేసి. నేను దగ్గరికెళితే దాన్ని కరుచుకుని తలుపుకి అతుక్కుపోయింది.

నాలుగు రోజులు అదే వరస. పరీక్షకి ఇంకా పద్నాలుగు రోజులు. దాన్ని తీసుకెళ్ళిపోతారు. ఆ ఖాళీ గిన్నె, ఈల, గుమ్మంలో నేను, ఇదంతా కళ్ళముందు కనిపించి వంటింట్లో నిలబడి ఏడ్చాను. మా ఆయన ఓదార్చబోయి, "మొక్కై వంగనిది మానై వంగునా అంటారుగా, ఇంకా మొక్కేగా విమలా, కాస్త గట్టిగా చెప్పు" అన్నారు.

ఎలీనా ఫోన్ పట్టుకుని వచ్చింది.

"అమ్మా, గట్టిగా కాదు. ఇది చూడు. కూడికప్పుడు ఫన్నీగా ఉందని తీశా."

చూశాను. కరుణమ్మ గారి చెప్పు నోట్లో పెట్టుకుని బెల్లం గదిలోకి వస్తోంది. తల ఎత్తి, తోక జెండాలా ఎత్తి, ఇరవైమందినీ దాటుకుని వస్తోంది. ఎలీనా అక్కడ ఆపింది.

"సీ, తను ఎవరి దగ్గరికి వస్తుందో చూడు."

నా దగ్గరికి. అది దొంగిలించి పారిపోవడం లేదు. నాకు తెచ్చి ఇస్తోంది. నడవాలో నేను నేర్పించిందే చేస్తోంది. మళ్ళీ నడిపిస్తే, తర్వాతి క్షణంలో ఆ వీడియోలో నా మొహం ఉంది, నోరు తెరిచి. బెల్లం తోక దిగిపోయింది.

హాస్కిన్స్ గారికి అప్పుడే ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాను. "రోజుకి ఐదు నిమిషాలు తెమ్మని నేర్పావు. మిగతా రోజంతా తేవద్దని నేర్పావు" అన్నారాయన. "దాని నోట్లో ఏదున్నా సరే, అది నీకిచ్చే బహుమతి. తిట్టి లాక్కునేవాళ్ళకి రెండోసారి ఎవరిస్తారు? చెప్పులు బీరువాలో పెట్టు. అయినా దొరికితే, మహారాణిలా అందుకో. నాలుగో తారీఖున వస్తున్నాను." షరతు మాత్రం సడలించలేదు.

వంగాల్సిన మొక్క బెల్లం కాదు, నేను.

ఇంటికి చట్టం పెట్టాను. బెల్లం ఏం తెచ్చినా ఎవరూ అరవకూడదు, వెంటపడకూడదు, లాక్కోకూడదు. ఎదురుగా నిలబడకుండా పక్కకి తిరిగి కిందకి కూర్చోవాలి. వస్తే నిమరాలి. మెల్లగా అందుకుని థాంక్స్ చెప్పాలి. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని మా ఆయన గోడకేసి చూస్తూ అన్నారు. ఆయన్ని ఏమీ అనలేదు. చట్టం అందరికీ వర్తిస్తుందిగా.

మొదటి రోజులు నరకం. బెల్లం రిమోట్ తెచ్చి గది అవతలే నిలబడేది, నేను అరుస్తానా అని చూస్తూ. నేను నేలమీద కూర్చుని కిటికీ వైపు చూస్తూ, పళ్ళు బిగబట్టి, తియ్యగా "దా తల్లీ, దా" అనేదాన్ని. రెండోరోజు సగం దూరం వచ్చింది. నాలుగోరోజు నా మోకాలికి ఆనుకుంది. ఐదోరోజు అలమర అడుగున దాచిన నెత్తళ్ళ పొట్లం తెచ్చింది. ఊరినుంచి మా అక్క కొంగున కట్టుకున్నంత భద్రంగా తెచ్చిచ్చిన ఎండు నెత్తళ్ళు! నా నోటిదాకా వచ్చింది కేక. మింగేశాను. గొంతులో పొలమారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అబ్బ, ఎంత మంచి పిల్లవే, థాంక్యూ నాన్నా" అన్నాను. బెల్లం పొట్లాన్ని నా అరచేతిలో పెట్టింది. తిప్పి చూశాను. ప్లాస్టిక్కు మీద ఒక్క చిల్లు లేదు! ఎండుచేపల వాసన ముక్కులో పెట్టుకుని, పన్ను దించకుండా తెచ్చింది! ఆ నల్లకుక్క గుర్తొచ్చి నాకు మళ్ళీ ఒళ్ళు ఝల్లుమంది.

తర్వాత వారం మేజోడు బదులు గుడ్డతో కుట్టిన చిన్న దిమ్మ వాడాం. డమ్మీ అంటారు దాన్ని. నడవాలోంచి హాల్లోకి, హాల్లోంచి వెనక గడ్డిలోకి. పదిలో ఎనిమిదిసార్లు నా చేతికే ఇచ్చేది. మిగతా రెండుసార్లు ఎవరైనా దగ్గర నిలబడి చూస్తుంటే ఆగిపోయేది. జనమంటే ఇంకా బెదురే.

అక్టోబరు నాలుగు, శనివారం. హాస్కిన్స్ గారు రెండింటికి రావాలి. ఐదింటికి మా ఇంట్లో కూడిక. మధ్యలో కావలసినంత టైముందనుకున్నాను. ఆయన హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని నాలుగున్నరకి వచ్చారు. సంగతి ఎలీనా అందరికీ ముందే చెప్పేసింది. పరీక్ష చూడాలని మా తెలుగువాళ్ళు చరిత్రలో మొదటిసారి అరగంట ముందే దిగిపోయారు.

హాస్కిన్స్ గారు ఆరడుగుల పైచిలుకు మనిషి, డెబ్భై ఏళ్ళు. గుమ్మంలో చెప్పుల గుట్ట చూసి, ఎవరూ అడక్కుండానే తన తోలుబూట్లు విప్పి గోడకి చేర్చి పెట్టారు. బీరువా అప్పటికే నిండిపోయింది మరి. మా ఆయన ఆయనకి హవాయి చెప్పులిచ్చారు. సగం పాదం వెనక్కి వేలాడుతూ అలాగే వెనక గడ్డిలోకి నడిచారు. పదిహేనుమంది మా డెక్ మీద, అంటే ఇంటి వెనక చెక్కల అరుగు మీద, వరసగా నిలబడ్డారు. కరుణమ్మ గారు కుర్చీ వేయించుకున్నారు.

"ఎవరూ మాట్లాడకండమ్మా, పిల్ల బెదురుతుంది" అన్నారావిడ, అందరికంటే గట్టిగా.

ఆయన డమ్మీ విసిరారు. నేను బెల్లాన్ని వదిలాను. బాణంలా వెళ్ళింది, ఎత్తుకుంది, తిరిగింది. సగం దూరంలో డెక్ వైపు చూసింది. పదిహేను మొహాలు. ఆగింది. డమ్మీ కింద పెట్టేసి, దాని పక్కనే కూర్చుంది.

హాస్కిన్స్ గారు నడిచెళ్ళి డమ్మీ తీసుకుని మళ్ళీ విసిరారు. ఈసారి బెల్లం దాని దగ్గరికి కూడా వెళ్ళలేదు. డెక్ మెట్లెక్కి, మనుషుల కాళ్ళ మధ్యనుంచి ఇంట్లోకి పారిపోయింది.

"ఇంకొక్కసారి చూద్దాం" అన్నారాయన. ఆ గొంతులో జాలి ఉంది. అది నాకు తిట్టుకంటే ఘోరంగా వినిపించింది. ఆయన బండి వెనక ఖాళీ పంజరం ఉండడం ఆయన దిగినప్పుడే చూశాను.

అప్పుడు డెక్ మీద కలకలం. కాళ్ళు పక్కకి జరిగాయి. బెల్లం బయటికొస్తోంది, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఏదో ఈడ్చుకుంటూ. మెట్టు మీదనుంచి అది దభేలున పడ్డాక తెలిసింది. హాస్కిన్స్ గారి బూటు! బూటు బెల్లమంత ఉంది. లేసుల కింది తోలు నాలుక పట్టుకుని, తల పక్కకి వంచి లాక్కొస్తోంది.

"హేయ్!" అని అరిచారు హాస్కిన్స్ గారు. "వదులు! వదులు దాన్ని!"

నలభై ఏళ్ళు ఎవర్నీ అరవొద్దని చెప్పిన మనిషి, హవాయి చెప్పులు ఎగిరిపోతుంటే బూటు కోసం ఉరికారు. "పట్టుకోండి, పట్టుకోండి!" అని డెక్ మీదనుంచి నలుగురు దిగారు. బెల్లం బెదిరిపోయింది. బూటు వదల్లేదు. నీళ్ళగుంట వైపు తిరిగింది.

నా నోటిలో కేక సిద్ధంగా ఉంది. ఎవరిమీద అరవాలో కూడా తెలుసు. అరవలేదు. రెండు చేతులూ చాచి అందర్నీ ఆపాను. హాస్కిన్స్ గారి కళ్ళలోకి చూసి, వేలు పెదవులమీద పెట్టుకున్నాను. ఆయన ఆగిపోయారు, ఒంటికాలి చెప్పుతో. నేను బెల్లానికి వీపు తిప్పి, గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఈల తీసి మూడుసార్లు పొట్టిగా ఊదాను.

వెనక ఏం జరుగుతోందో నాకు కనబడదు. గుంటలో బాతులు అరుస్తున్నాయి. డెక్ మీద కరుణమ్మ గారి పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నారు. తిరిగి చూడకు, విమలా, చూడకు. ఎంతసేపో. తర్వాత గడ్డిమీద ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఇంకా దగ్గరగా. వెచ్చటి ఊపిరి నా మోచేతికి తగిలింది. మరుక్షణం బెల్లం, బూటూ కలిసి నా ఒళ్ళోకి ఎక్కాయి.

వెంటనే తీసుకోలేదు. ఛాతీ నిమిరాను. చెవుల వెనక నిమిరాను. "నా బంగారుతల్లివే, ఎంత బరువు మోసుకొచ్చావే" అన్నాను. తోక నా చెంపకి టపటపా కొట్టుకుంటోంది. అప్పుడు గడ్డం కింద చెయ్యి పెట్టాను. బూటు నా చేతిలోకి జారింది.

హాస్కిన్స్ గారు నడిచొచ్చారు. టోపీ తీశారు. మొహం కందిపోయి ఉంది.

"నేనే అరిచాను" అన్నారు. "అంతమంది పరిగెత్తాక, నేను అరిచాక, పదహారు వారాల పిల్ల తిరిగి నీ దగ్గరికే వచ్చింది. డమ్మీలు తేవడం వసంతంలో నేను నేర్పుతాను. ఇది నేను నేర్పలేను."

బూటు కోసం చెయ్యి చాచారు. ఇవ్వబోయాను.

"ఆగమ్మా!" డెక్ మీదనుంచి కరుణమ్మ గారు. "అలా ఊరికే తీసుకోకూడదు బాబూ. ఈ ఇంట్లో రూలుంది. థాంక్స్ చెప్పాలి. ఎలీనా, ఆయనకి ఇంగ్లీషులో చెప్పవే."

ఎలీనా చెప్పింది. హాస్కిన్స్ గారు ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, మోకాళ్ళు పటపటలాడుతుండగా తడిగడ్డిలో కూర్చున్నారు. పక్కకి తిరిగి, ఛాతీ నిమిరి, బెల్లానికి థాంక్స్ చెప్పారు. మా ఆయన చప్పట్లు కొట్టబోయి నా వైపు చూసి చేతులు దించేసుకున్నారు.

శిక్షణ ఏప్రిల్ మొదటి శనివారం, ఉదయం ఏడింటికి. ఆ మాట చెప్పి ఆయన బండెక్కారు, ఖాళీ పంజరంతోనే. మలుపు తిరిగేదాకా ఆగాను. ఇక నావల్ల కాలేదు. రెండు వారాలుగా మింగిన కేకలన్నీ కలిపి ఒక్కసారి కేకేశాను. "హల్లెలూయా! పాసైపోయామండీ!" అని వీధి దద్దరిల్లేలా. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు.

అరిచాక గుర్తొచ్చింది. బెల్లం ఏదీ? గుమ్మం వైపు చూశాను.

అది పారిపోలేదు. గుట్టలో తల దూర్చి వెతుకుతోంది. ఒకటి ఎంచుకుని, తోక జెండాలా ఎత్తి, అంతమందినీ దాటుకుంటూ వచ్చింది. కరుణమ్మ గారి ఎడంకాలి చెప్పు. ఎంగిలంటే ఆమడ దూరం పోయే ఆవిడ, వాకిట్లోకి తెప్పించుకున్న కుర్చీలోంచి వంగి రెండు చేతులూ చాచారు.

"అది నాదేగా, ఇలా తేవే తల్లీ" అన్నారు.